పెదవులు మూడుసార్లు కలిసే మాట

చూపు తిప్పకూడదు, తిప్పితే పిలుపు పోతుంది. కనకదుర్గకి ఈ వరండాలో బల్ల మీద కూర్చోవడమంటే కూర్చోవడం కాదు, కాపలా కాయడం. ల్యాబు గుమ్మంలో అటెండరు అంజి నిలబడి ఉన్నాడు. అతని నోరు తెరుచుకున్నప్పుడు ఒక నెంబరు బయటికొస్తుంది, ఆ నెంబరు గలవాళ్ళు లేచి లోపలికి వెళ్ళి వైవా చెప్పి వస్తారు. మిగతావాళ్ళు ఫోను చూసుకుంటూ, జడ బిగించుకుంటూ, బఠాణీలు నములుతూ కూడా ఆ నెంబరు పట్టుకోగలరు. చెవి దాని పని అది చేసుకుంటుంది, మనిషి ఎటు పోయినా చెవి ఉన్నచోటే ఉంటుంది. కనకదుర్గ చెవులు అంత నమ్మకమైన నౌకర్లు కావు. ఆరేళ్ళప్పుడు వచ్చిన జ్వరం ఎడమ చెవిని మొత్తంగా, కుడి చెవిని ముప్పాతికగా పట్టుకుపోయింది, మిగిలిన పాతికకి ఒక మిషను తగిలించారు. అంచేత ఆమె వినాలంటే చూడాలి. గంట నుంచీ అంజి నోరే చూస్తోంది. గుట్కా మానేశాడు గానీ అతని దవడ మానలేదు, ఊరికే నములుతూనే ఉంటుంది, అది కదిలినప్పుడల్లా ఆమె నడుము బల్ల మీంచి బెత్తెడు లేస్తుంది, మళ్ళీ కూలబడుతుంది.

ఇది డిగ్రీలో ఆఖరి వైవా. ఆక్వాకల్చరు. రొయ్యల చెరువులు, నీళ్ళు, జబ్బులు. పొద్దున సీసాలూ గొట్టాలూ పట్టుకుని చేసే పరీక్ష అయిపోయింది, అందులో ఎవరి నోరూ చూడక్కర్లేదు, నీలం విరిగి నీళ్ళు తెల్లబడగానే చుక్కలు ఆపాలి, అది ఆమెకి మంచినీళ్ళ ప్రాయం. మిగిలింది నోటి పరీక్ష. గుడివాడ నుంచి ప్యాసింజరులో దిగిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు, ఫణికుమార్ అనే ఆయన, ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి అడుగుతున్నాడు. పక్కన ఉమామహేశ్వరి మేడమ్, ఈ పిల్లలకి మూడేళ్ళు పాఠం చెప్పినావిడ. బల్ల కింద బందరు లడ్డూ డబ్బా, హల్వా డబ్బా, సాయంత్రం రైలెక్కేటప్పుడు ఆయన చేతికివ్వడానికి. బయట బిర్యానీ పొట్లాలు. ఎక్స్‌టర్నల్ ఏ ఊరి నుంచి వచ్చినా ఇదే మర్యాద. నెంబరు ప్రకారం కనకదుర్గ మధ్యలో రావాలి. నిన్ను చివర్లో పిలుస్తాంలే, కంగారు లేకుండా, అన్నారు. చివర్లో అంటే భోజనానికి ముందు. తొందరగా పంపించెయ్యాల్సిన వాళ్ళని భోజనానికి ముందు పెట్టుకుంటారు, అది ఎవరూ రాసుకోని రూలు. ప్రతిసారీ అంతే. వెళ్ళి కూర్చుంటుంది, ఎదుటాయన ఆమె మొహం చూడడు, చెవి చూస్తాడు, మిషను చూస్తాడు, నవ్వుతాడు, చెయ్యి ఊపుతాడు, వెళ్ళమ్మా. సంతకం. మార్కులు మాత్రం బాగానే పడతాయి. స్నేహితురాలు లాస్యకి చెమటలు పట్టించి వేసిన మార్కులకంటే ఎక్కువే పడతాయి.

ఒకాయన అడిగాడు. రెండో ఏడు. అడిగాడు గానీ జలుబు చేసింది, చేతిరుమాలు ముక్కుకీ నోటికీ కలిపి అడ్డం పెట్టుకుని అడిగాడు, ఆమెకి రుమాలు మీది పువ్వులు కనపడ్డాయి, కుట్టుపువ్వులు, ఇంట్లో ఎవరో కుట్టినట్టున్నారు. చెరువు ఎండగట్టాక ఏం చేస్తారని అడిగి ఉంటాడనుకుని, సున్నం చల్లుతారండీ అని మొదలుపెట్టి ఎకరానికెంతో మట్టిని బట్టి చెప్పుకుపోయింది, తన గొంతు ఎంత పెద్దదిగా వస్తోందో తనకి తెలీదు. ఆయన అడిగింది మీదేవూరమ్మా అని. గదిలో నవ్వారు. నవ్వు వినపడదు గానీ భుజాలు కనపడతాయి, భుజాలన్నీ ఒక్కసారి ఎగిరాయి, ఉమామహేశ్వరి మేడమ్ భుజాలు తప్ప. ఆవిడ ఆ రోజు బాత్రూములోకి వెళ్ళి వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడవాల్సింది తనూ, ఏడ్చింది మేడమూ. కనకదుర్గ ఏడవలేదు, ఆమెకి రుమాలు మీద కోపం వచ్చింది. అదొక్కటీ కిందికి దించమని గదిలో ఒక్కళ్ళూ అనలేదు, సున్నం సంగతి తప్పేం కాదు. ఆ తర్వాత మరెవరూ అడగలేదు.

అంజి నోరు తెరిచాడు. ఆవులింత.

అడక్కపోతే ఏం పోయింది, మార్కులొస్తున్నాయిగా, అంది ఇంట్లో అమ్మ. నిజమే అనిపించింది కొన్నాళ్ళు. అప్పుడు నాగాయలంకలో ఆ ల్యాబు. చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు, గది అంత ల్యాబు, సెలవుల్లో పని అడగడానికి నాన్న తీసుకెళ్ళాడు. నాన్న పేరు యలమంద, కోడూరు దగ్గర నాలుగు చెరువుల రైతు, తెల్లచొక్కా వేసుకుని బిడ్డ మార్కుల కాగితం మడతపెట్టకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ల్యాబాయన కాగితం చూశాడు, కనకదుర్గ చెవి చూశాడు, తల కొంచెం పక్కకి తిప్పుకుని నాన్నతో అన్నాడు, పక్కకి తిప్పుకున్నా దవడా పెదవి మూలా కనపడతాయి, ఆ మాత్రం చాలు. ఏమనుకోకండి యలమందగారూ, ఇవి అడిగి వేసిన మార్కులా, చూసి వేసిన మార్కులా? ల్యాబాయన చెడ్డవాడేం కాదు, రొయ్యలు చచ్చిపోతే రైతు వచ్చి ఆయన పీక పట్టుకుంటాడు. ఆఖరి పరీక్ష అయ్యాక రమ్మనండి, అడిగి వేసినవైతే ఆ రోజు నుంచే పన్లోకి తీసుకుంటా, అన్నాడు. తిరుగు ప్రయాణంలో నాన్న బండి తోలుతూ ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, వీపు ఊగుతోంది, భుజం లేస్తోంది, బండి మీద నాన్న ఎన్ని మాట్లాడినా అవి గాలివే, వీపుకి పెదవులుండవు. ఏం మాట్లాడాడో ఇప్పటికీ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. అడిగి వేసినవా, చూసి వేసినవా. అబద్ధమాడొచ్చు, ఆడితే ల్యాబాయన నమ్ముతాడు కూడా. కానీ ఈసారి మేడమ్ చెప్పింది, నేను ఎక్స్‌టర్నల్‌గారితో మాట్లాడతాను దుర్గా, నువ్వు చదువుకో చాలు, అని. ఏం మాట్లాడుతుందో కనకదుర్గకి తెలుసు. మొహం ఇటు పెట్టి అడగండి, నోటికి చెయ్యి అడ్డం పెట్టకండి, అర్థం కాకపోతే కాగితం మీద రాసివ్వండి. మూడు ముక్కలు. అదే మేడమ్ మూడేళ్ళుగా చేస్తున్న పని. అంచేత చదివింది. కళ్ళు గుంటలు పడేదాకా చదివింది.

తలుపు కదిలింది. లాస్య. చున్నీతో మెడ తుడుచుకుంటూ నేరుగా వచ్చి కనకదుర్గ ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా గొంతుక్కూచుంది, అంజికి అడ్డం రాకుండా కొంచెం పక్కకి. మూడేళ్ళలో లాస్యకి ఇది అలవాటైపోయింది, తనకి తెలియకుండానే.

"ఒసేయ్, చంపేశాడు. వైట్ స్పాట్ జబ్బు అడిగాడు, చెప్పా. దాని తర్వాతది అడిగాడు, నీళ్ళు నమిలా. మంచోడేనే గానీ మీసం. పైపెదవి లేదనుకో. కింది పెదవి చూసుకో."

"తప్పు చెప్తే ఏమంటున్నాడు?"

"తప్పంటున్నాడు. మొహం మీదే. బాబీగాడినైతే, నీకు బిర్యానీ గురించి అడగనా బాబూ, అన్నాడంట."

వెనక గోడకానుకుని ఉన్న బాబీ నోరు తెరిచాడు, కనకదుర్గ చూపు అటు పోయి గబుక్కున గుమ్మానికి వచ్చింది, అంజి నములుతున్నాడు, మళ్ళీ అటు పోయింది. "అది అడిగితే ఫస్ట్ క్లాసే కదమ్మా నేను," అంటున్నాడు బాబీ. "నీకేం దుర్గా, నువ్వు లోపలికెళ్ళి కూర్చుంటే చాలు. సింహాచలం అప్పన్న దర్శనం, నిజరూపం చూసి దండం పెట్టి పంపించేస్తారు." లాస్య చెప్పు తీసింది. బాబీ నవ్వుతూ మెట్లు దిగాడు. బాబీ అంటే కోపం లేదు. బాబీ ఎప్పుడూ నోరు తిప్పుకుని అనడు, ఏ మాటైనా మొహమ్మీద అంటాడు, అదొక మర్యాద. "లోపల ఫ్యాను తిరుగుతోందా?" అంది కనకదుర్గ. లాస్య ఒక్క క్షణం ఆలోచించి తలూపింది. తిరుగుతోంది. ఆయన నెత్తిమీదే.

ఫ్యాను. ఈ కాలేజీలో ఆమె పేరు చాలామందికి తెలీదు గానీ ఫ్యానమ్మాయి అంటే తెలుసు. మొదట్లో ఆమెని ముందు బెంచీలో నడిమధ్యన కూర్చోబెట్టారు, వినపడని వాళ్ళని ముందు కూర్చోబెట్టాలనేది ఈ దేశంలో ప్రతి పంతులికీ పుట్టుకతో వచ్చిన శాస్త్రం. ముందు బెంచీలోంచి తలెత్తి చూస్తే గడ్డం కనపడుతుంది, ముక్కుపుటాలు కనపడతాయి, మాట కనపడదు. వెనకాల అరవైమంది ఉంటారు, ఎవరేం అడిగారో తెలీదు, మేడమ్ ఎందుకు నవ్విందో తెలీదు. మేడమ్ వెనక కిటికీ, కిటికీలో బందరు ఎండ, మొహం నల్లగా బొగ్గుముక్క. అన్నిటికంటే మించి సరిగ్గా నెత్తిన ఫ్యాను. మిషను మంచీ చెడ్డా ఎరగదు, మేడమ్ గొంతునీ పెద్దది చేస్తుంది, ఫ్యాను రొదనీ పెద్దది చేస్తుంది, పాలకాయతిప్పలో ఏరూ సముద్రమూ కలిసే చోట నిలబడితే ఎవరి మాటా ఎవరికీ అందనట్టు, గంటకి గంట సముద్రం తలలో పోసుకుని కూర్చునేది. సాయంత్రానికి మిషను తీసి సంచిలో పడేసేది. అడిగితే తగిన సదుపాయం ఇస్తారని ఎవరూ చెప్పలేదు. చట్టం ఉందట. ఉండే ఉంటుంది, బందరు రావడానికి దానికి బస్సు దొరకలేదు. కాలేజీలో ర్యాంపు కట్టారు, ర్యాంపు ఎక్కాక పైన ఒక మెట్టుంది.

ఒకరోజు మేడమ్ బోర్డు మీద చెరువు బొమ్మ గీస్తూ, గీస్తూ, గీస్తూ చెప్పుకుపోతోంది, జడ చెప్తోంది, వీపు చెప్తోంది. కనకదుర్గ లేచింది. ఆలోచించి లేవలేదు, కాళ్ళు లేచాయి. మేడమ్, మీరు బోర్డుకి చెప్తున్నారు, మాకు కాదు, అంది. క్లాసు ఘొల్లుమంది, ఈసారి నవ్వు మేడమ్ మీద. ఉమామహేశ్వరి మేడమ్ ఆ వారమంతా ఆమె వైపు చూడలేదు. ఆవిడ తండ్రి పంతులు, తాత పంతులు, ఆ ఇంట్లో బోర్డుకి చెప్పిన వీపులు మూడు తరాలవి. తర్వాతి వారం వచ్చింది. గీయడం ఆపింది, తిరిగింది, అప్పుడు చెప్పింది. మళ్ళీ తిరిగింది, గీసింది, ఆపింది, ఇటు తిరిగింది. కాలేజీ గేటు పక్కన మొక్కజొన్నపొత్తులు కాల్చేవాడు అటూ ఇటూ తిప్పినట్టు, తనని తాను తిప్పుకుంది. తర్వాత అడిగింది, ఇంకేం కావాలి అని. ఆ మాట అడిగింది ఆవిడ ఒక్కతే. కనకదుర్గ చెప్పింది. మూడో బెంచీ, గోడవైపు, అక్కణ్ణుంచి మేడమూ కనపడుతుంది, క్లాసూ కనపడుతుంది. మీ వెనక కిటికీరెక్క ముయ్యండి. ఫ్యాను ఆపండి. మొదటి రెండిటికీ ఎవరికీ అభ్యంతరం లేదు. ఫ్యాను దగ్గరే గొడవొచ్చింది. ఏప్రిల్లో, బందరులో, అరవైమంది ఉన్న గదిలో ఫ్యాను. మా చెమట ఉసురు తగులుద్దే నీకు, అన్నాడు బాబీ. ఒకడు వెళ్ళి ప్రిన్సిపాలుకి చెప్పాడు. ఎవరికీ త్యాగబుద్ధులేం పుట్టలేదు, అట్ట చింపి విసురుకున్నారు, తిట్టుకున్నారు, విసురుకున్నారు. తిట్టుకుంటూనే అలవాటుపడ్డారు. మేడమ్ గుమ్మంలో కనపడగానే స్విచ్చు పక్కన కూర్చున్నవాడు తిట్టుకుంటూ నొక్కేవాడు. ఫ్యాను రెక్కలు నెమ్మదించి, ఒక్కో రెక్క విడిగా కనపడి, ఆగి, అప్పుడు గదిలోకి మేడమ్ గొంతు వచ్చేది, ఆ పాతిక వంతు చెవిలోకి సన్నగా, దారప్పోగులా. మూడేళ్ళు అట్లా చెమటలో చదివారు. ఆ చెమటకి దణ్ణం పెట్టక్కర్లేదు, పెట్టమని వాళ్ళూ అడగలేదు. గోలపెడుతూ ఇచ్చారు, గోలపెడుతూ ఇచ్చింది ఎవరికీ బాకీ ఉండదు.

దణ్ణం పెట్టించుకున్న రోజు వేరే ఉంది. డిసెంబరులో, వికలాంగుల దినం అని స్టేజీ వేశారు, శాలువా కప్పారు, అరటిపళ్ళు ఇచ్చారు, గొలుసుకట్టుగా పెద్దమనుషులు మైకు పట్టుకుని ఆమె గురించి మాట్లాడారు, ఆమె ఒక్కతే అందులో ఒక్క ముక్క వినలేదు, ఎందుకంటే మైకు సరిగ్గా నోటికి అడ్డంగా ఉంది. మైకు కొంచెం పక్కకి జరిగినప్పుడల్లా ఒకే మాట బయటపడేది. పాపం. ఆ మాట ఆమెకి ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. మిగతా మాటల్లో సగం పెదవుల వెనక జరుగుతాయి, నాలిక చేస్తుంది, గొంతు చేస్తుంది, బయటికి కనపడవు, ఊహించుకోవాలి. ఇది అలా కాదు. పెదవులు మూస్తారు, తెరుస్తారు, మూస్తారు, తెరుస్తారు, మళ్ళీ మూస్తారు. మూడుసార్లు. కనుబొమలు పైకి పోతాయి, తల ఓ పక్కకి వాలుతుంది. అవనిగడ్డ బస్టాండులో అవతలి ప్లాట్‌ఫారం మీద ఎవరో అంటే ఇవతల తెలిసింది. పులిగడ్డ వంతెన మీద బస్సు ఆగినప్పుడు పక్క బస్సు కిటికీలో ఒకావిడ అంటే తెలిసింది. చిన్నప్పుడు అమ్మ నేర్పిన మాటలు కొన్ని మరిచిపోయి ఉండొచ్చు, ఈ మాట మరిచిపోయే వీల్లేకుండా ఊరూవాడా నేర్పారు. కరోనాలో అందరూ మాస్కులు వేసుకున్నప్పుడు లోకం మొత్తానికి తెర పడింది, ఆమెకి ఎవరి మాటా అందలేదు, ఏడాదిన్నర గుడ్డకి సమాధానాలు చెప్పింది, ఆ ఏడాదిన్నరలో ఒక్కటే సుఖం, ఆ మాట కూడా గుడ్డ వెనకే ఉండిపోయింది.

అంజి లేడు. చూపు తిప్పిందా, ఎప్పుడు తిప్పింది, పిలిచాడా, పిలిచి వెళ్ళిపోయాడా. లేదు, బిర్యానీ పొట్లాలు ఎండ పడని చోటికి జరుపుతున్నాడు. లేచి నిలబడింది. నిలబడితే ల్యాబు కిటికీ అద్దం కనపడింది, అద్దంలోంచి బల్ల, బల్లకి ఇటు మేడమ్, అటు ఫణికుమార్ గారు. ముందు కుర్చీ ఖాళీ. ఇక మిగిలింది తనే. మేడమ్ ఆయన వైపు వంగింది. గుమ్మంలోంచి ఎవరూ వినకుండా గుమ్మం వైపు అరచెయ్యి అడ్డం పెట్టుకుంది, కిటికీ వైపు మరిచిపోయింది. గొంతు కూడా తగ్గించే ఉంటుంది, మెడనరాలు చెప్తున్నాయి. లోకమంతా ఇదే చేస్తుంది, ఆమె గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు గొంతు తగ్గిస్తుంది, ఆమె దగ్గర దాచాల్సింది అదొక్కటే అన్నట్టు. మూడేళ్ళు ఇటు తిరిగి చెప్పీ చెప్పీ మేడమ్ పెదవులు అలవాటుకొద్దీ గుసగుసల్లో కూడా విడివిడిగా, శుభ్రంగా కదులుతున్నాయి. ఆవిడకి ఆవిడే నేర్చుకున్న విద్య.

ఆఖరమ్మాయండీ. చెవులు వినపడవు. పాపం. ఏమీ అడక్కండి, కంగారు పడుతుంది. రాతలో బాగా రాస్తుంది. నలభై అయిదు వేసేద్దాం.

ఫణికుమార్ గారి మీసం కదిలింది. సరేనండీ, మీరింతగా చెప్తున్నారు.

ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. కనకదుర్గ ఆశ్చర్యపడలేదు కూడా. ఎండలో గోడ మీద ఒక తొండ తలాడిస్తోంది, దాన్ని చూసింది. మేడమ్ మాట్లాడతానంది, మాట్లాడింది. రెండో ఏడు ఆ గదిలో ఎగరని భుజాలు ఆవిడవే. ఆ రోజు మళ్ళీ రాకూడదని అనుకుని ఉంటుంది, ఎవరికి రాకూడదనుకుందో ఆవిడకే తెలియాలి. బిడ్డకి దెబ్బ తగలకుండా బిడ్డని బడి మాన్పించే తల్లులుంటారు. యాభైకి నలభై అయిదు. లాస్యకి ముప్పై ఎనిమిదొస్తే గొప్ప. కళ్ళు మూసుకుని పుచ్చుకోవచ్చు. లోపలికెళ్ళి, నవ్వి, సంతకం పెట్టి, లడ్డూ పెడితే తిని, చల్లపల్లి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే సాయంత్రానికి ఇల్లు. నాన్న మళ్ళీ తెల్లచొక్కా వేస్తాడు. ఆ చొక్కా అనగానే మొన్న వేసంగి గుర్తుకొచ్చింది, ఎందుకొచ్చిందో, మధ్యాహ్నం మిట్టప్పుడు, నాన్న ఇదే చొక్కాతో చెరువు గట్టున, పెళ్ళి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, నీళ్ళు ఆకుపచ్చగా చిక్కగా ఉన్నాయి, అంచుల వెంట రొయ్యలు తెల్లగా పల్టీకొట్టి తేలుతున్నాయి. నీళ్ళకి గాలందాలని రాత్రంతా ఏరియేటర్లు తిప్పాంగా, అన్నాడు, ఈసారి మొహం ఇటే ఉంది, చదువుకుంటున్నావుగా చెప్పవే, ఎందుకు పోయాయి. ఆమెకి తెలీలేదు. అది నిజంగా అడిగిన ప్రశ్న. ఆమె పుట్టాక ఎవరైనా నిజంగా, సమాధానం కోసం అడిగిన ప్రశ్నలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, తిన్నావా పడుకున్నావా తీసేస్తే.

అంజి వచ్చాడు. నెంబరు పిలవలేదు. ఎవరినీ పిలవనక్కర్లేదుగా, ఆమె ఒక్కతేగా, దగ్గరికొచ్చి చంటిపిల్లకి చెప్పినట్టు నోరు బారెడు తెరిచి, రమ్మం-టున్-నారు, అని సాగదీశాడు. సాగదీస్తే మాట విరుగుతుంది, పగిలిన కుండలో నీళ్ళలా అర్థం అంతా కారిపోతుంది, ఈ సంగతి ఎవరికీ తెలీదు. గంటసేపు ఆ నోటికి కాపలా కాసింది. దానిమీంచి చూపు తీసేసింది.

లోపల సముద్రం. గుమ్మం దాటగానే ఫ్యాను చెవిలో విరుచుకుపడింది. ఫణికుమార్ గారు నవ్వాడు, చెవి వైపు చూసి నవ్వాడు, నోరు ఏదో అంది, మీసం, కుర్చీ చూపించాడు. పెన్ను అప్పటికే ఆమె నెంబరుకి ఎదురుగా ఉంది. ఆయన వెనక కిటికీ, కిటికీ నిండా ఎండ, మొహం నల్లగా. మేడమ్ ఇటు చూడకుండా కాగితాలు సర్దుతోంది. కనకదుర్గ కుర్చీ దగ్గరికి వెళ్ళలేదు. గోడ దగ్గరికి వెళ్ళింది. స్విచ్చులు ఆరున్నాయి, ఏది దేనిదో తెలీదు, మొదటిది నొక్కితే లైటు పోయింది, వేసింది, మూడోది నొక్కింది. నెత్తిమీద రెక్కలు నెమ్మదించాయి, ఒక్కో రెక్కా విడిగా కనపడింది. బల్ల మీద ఎగురుతున్న కాగితం మూల పడుకుంది. అప్పుడు వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు అడగండి సార్."

గొంతు పెద్దదిగానే వచ్చి ఉంటుంది, గుమ్మంలో అంజి ఉలిక్కిపడ్డాడు. ఫణికుమార్ గారు మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కనకదుర్గ వైపు చూసింది, తర్వాత కిటికీ అద్దం వైపు, అద్దం అవతల వరండాలో ఇందాక కనకదుర్గ నిలబడిన చోటు వైపు. మొహంలో రంగు మెల్లగా కిందికి దిగింది. ఆవిడ ఏమైనా అంటుందేమోనని కనకదుర్గ చూసింది. మేడమ్ లేచింది. పైట నడుముకి బిగించి, ఫణికుమార్ గారి వెనక్కి నడిచి, కిటికీరెక్కలు రెండూ మూసింది. రోజూ క్లాసులో మూసినట్టే. ఆయన మొహం మీద వెలుతురు మారింది, కళ్ళు వచ్చాయి, చెంప మీద పులిపిరి వచ్చింది, మీసం కింద పెదవి వచ్చింది. వచ్చి తన కుర్చీలో కూర్చుని మేడమ్ ఆయనతో అంది, ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా: "మొహం ఇటు పెట్టి అడగండి సార్. అర్థం కాకపోతే రాసివ్వండి."

ఆయన పెన్ను మూత పెట్టాడు. బల్ల మీద సీసాలో ఉన్న రొయ్యని ముందుకి తోశాడు. ఇదేంటమ్మా. టైగరండీ. వెనామీ రకం కాదని ఎట్లా చెప్తావ్. చెప్పింది. తెల్లారుజామున రొయ్య పైకెందుకొస్తుంది. ఈ ప్రశ్నలో సగం మీసంలో చిక్కుకుంది, "మళ్ళీ అడగండి," అంది, ఆయన మళ్ళీ అడిగాడు, రాత్రంతా నీళ్ళలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుందండీ, తెల్లారేసరికి మిగలదు, అంది. ఆయన తలూపాడు. నుదుటి మీద చెమట పట్టింది ఆయనకి, రుమాలు తీశాడు. కనకదుర్గ రుమాలు వంక చూసింది. ఆయన నుదురు తుడుచుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు, నోటి దగ్గరికి రానివ్వలేదు, తెలిసి చేశాడో తెలియక చేశాడో. ఇంకో ప్రశ్న. చెరువులో అమ్మోనియా ఏ పూట ఎక్కువ ప్రమాదం?

తెలుసు అనుకుంది. చెడ్డవన్నీ ఒకే పూట వస్తాయి కదా, ఆక్సిజన్ పోయేదీ అప్పుడేగా.

"తెల్లారుజామునండీ."

ఆయన మొహం చూసింది. కనుబొమలు కదల్లేదు. తల పక్కకి వాలలేదు. మేడమ్ చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. మీసం కింద పెదవులు కలిశాయి, ఆమె అలవాటుకొద్దీ లెక్కపెట్టింది. ఒక్కసారే. కలిసి, నొక్కుకుని, విడిపోయాయి.

తప్పు.

డిగ్రీ చదివిన మూడేళ్ళలో ఈ గదిలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. ఎట్లా ఉంటుందో చూసింది. వగరుగా ఉంది, పచ్చి ఉసిరికాయ కొరికినప్పుడు మొదటి క్షణంలా.

"ఎందుకు తప్పు సార్?"

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. భోజనం టైము, అంజి పొట్లాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా ఆయన వీపుకి అతుక్కుపోయింది. చూడమ్మా, మధ్యాహ్నం ఎండకి నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది, పీహెచ్ పైకి పోతుంది, పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా విషం అవుతుంది. మధ్యాహ్నం మిట్టప్పుడు. కనకదుర్గ ఒక్కో మాటా ఆయన పెదవి మీంచి కిందపడకుండా పట్టుకుంది. ఆకుపచ్చగా చిక్కగా ఉన్న నీళ్ళు, తెల్లచొక్కా, చెప్పవే ఎందుకు పోయాయి. సాయంత్రం వెళ్ళి చెప్పాలి. నాన్న మొహం ఇటు ఉన్నప్పుడు చెప్పాలి.

ఆయన పెన్ను మూత తీశాడు, నెంబరు ఎదురుగా ఏదో వెయ్యబోయాడు. నలభై అయిదు మాత్రం కాదు.

"అప్పుడే వెయ్యకండి సార్," అంది కనకదుర్గ. "ఇంకోటి అడగండి."

గుమ్మంలో అంజి నోరు కదులుతోంది. నములుతున్నాడో, పిలుస్తున్నాడో. ఆమె అటు చూడలేదు.